ఖాళీ లేన్‌లో గీత

ల్యాబ్, మూడో అంతస్తు
జూన్ మొదటి వారం

వదినా,

నేను ఫోన్ ఎత్తడం లేదని నీకు కోపం వచ్చిందట, అన్నయ్య చెప్పాడు. ల్యాబ్‌లోకి వెళ్లేముందు ఫోన్ బయట లాకర్‌లో పెట్టాలి. నేను బయటికొచ్చేసరికి నువ్వు ఎవరికో గేర్లు మార్చడం నేర్పిస్తుంటావు. కారు కదులుతుండగా ఫోన్ ఎత్తే టీచరు దగ్గర ఎవరైనా డ్రైవింగ్ నేర్చుకుంటారా? కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

"అసలు అక్కడ నువ్వు చేసేదేమిటో నాకర్థమయ్యేలా చెప్పు" అన్నావట. చెప్తాను. మన ఒంట్లో అన్ని కణాల్లోనూ దాదాపు ఒకే జన్యువులు ఉంటాయి. కానీ కంటి కణంలో కొన్ని పనిచేస్తాయి, కాలేయంలో మరికొన్ని పనిచేస్తాయి. ఏది పనిచెయ్యాలో ఏది నోరు మూసుకోవాలో చెప్పే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. నియంత్రణ ప్రోటీన్లంటారు. వాటిలో ఒకటి నా వాటాకొచ్చింది. అది బాగా పొడుగు. మొత్తం తయారు చేయబోతే ముద్దయి అడుగున కూర్చుంటుంది. అందుకని నడుమ ముక్క చాలనుకున్నాం. డీఎన్‌ఏని పట్టుకునేది ఆ ముక్కే.

ఆ ముక్క తాలూకు జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో అతికించి బాక్టీరియాలోకి పంపిస్తాం. బాక్టీరియాకి తనదీ పరాయిదీ తేడా తెలీదు. ఉంగరంలో ఏముంటే అది తయారు చేస్తుంది. ముక్క చివర ఒక తోక తగిలించాం. ఆ తోక నికెల్ పూసలకు అంటుకుంటుంది. బాక్టీరియాను పగలగొట్టి ఆ రసాన్ని పూసల మీదుగా పోస్తే మిగతావన్నీ కారిపోయి మన ముక్క ఒక్కటే మిగలాలి. "మిగలాలి" అన్నాను చూడు, "మిగులుతుంది" అనలేదు.

ఇంట్లో చెప్పని మాట ఒకటుంది. ఏడాది చివరికి ఈ ముక్క చేతికి రాకపోతే నా పీహెచ్‌డీ టాపిక్ మార్చేద్దామని మా గైడ్ మేడమ్ అన్నారు. జనవరిలో కొత్తమ్మాయి చేరుతుంది, ఇది ఆమెకిస్తారు. నేను మొదట్నుంచీ మొదలుపెట్టాలి. ఇప్పటికే రెండేళ్లు పెట్టాను. నాన్నకి చెప్పకు.

నీ పిచ్చుక

---

డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు
జూన్ చివర

పిచ్చుకా,

చెప్పకూడని మాట తప్ప మిగతా ఉత్తరమంతా మామయ్యకు చదివి వినిపించాను. ఆయన జన్మంతా నీళ్ల పంపుల దగ్గర పనిచేసిన మనిషి కదా, కళ్లు మూసుకుని విని, "అంటే వాల్వన్నమాట" అన్నారు. నాకైతే సరిగ్గానే ఉందనిపించింది. కానీ అప్పట్నుంచీ ఎవరడిగినా "మా అమ్మాయి మనిషి ఒంట్లో వాల్వు తయారు చేస్తోంది" అంటున్నారు. వీధిలో సగంమంది నిన్ను గుండె డాక్టరనుకుంటున్నారు. మొన్న ఎదురింటావిడ తన ఎక్స్‌రే కూడా తెచ్చింది.

నాకొక సందేహం. మనిషి ప్రోటీన్ కావాలంటే మనిషి దగ్గరే తీసుకోవచ్చుగా? మధ్యలో ఈ బాక్టీరియాని ఎందుకు కష్టపెట్టడం?

మీ అన్నయ్య క్షేమం. నాకొక కొత్త విద్యార్థి వచ్చాడు, పెద్ద ఆఫీసరు. రివర్స్ గేరంటే ప్రాణభయం. ఇల్లు దాటి పది గజాలు ముందుకు పోతే, వెనక్కి రావడానికి ఊరంతా చుట్టి వస్తున్నాడు. పెట్రోలు నాది.

టాపిక్ సంగతి నా కడుపులో ఉంది. నువ్వు వేళకు తిను.

వదిన

---

ల్యాబ్
ఆగస్టు

వదినా! వదినా! వదినా!

వచ్చింది!

ముందు నీ సందేహం తీరుస్తాను. మనిషి కణంలో ఈ ప్రోటీన్ చిటికెడు కూడా ఉండదు. మాకు కావలసినంత కావాలంటే ఎంతమందిని పిండాలో నువ్వే లెక్కేసుకో. బాక్టీరియా అయితే సాయంత్రం ఒకటి వేస్తే పొద్దుటికి కోట్లు.

ఇక అసలు సంగతి. ఫొటో పెడుతున్నాను చూడు. నీలం రంగు పలచని పలక ఉంది కదా, దాన్ని జెల్ అంటారు. అందులో పైనుంచి కిందికి పక్కపక్కనే దారులుంటాయి. మేం లేన్లంటాం. ఒక్కో లేన్‌లో ఒక్కో శాంపిల్ పోసి కరెంటు పెడితే ప్రోటీన్లు కిందికి పరిగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. మొదటి లేన్‌లో మెట్లు మెట్లుగా ఉన్నది కొలబద్ద. చివరి లేన్‌లో లావుపాటి గీత చూశావా? పూసల నుంచి దిగింది అదే. మన ముక్క ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది.

దీనికి ముందు, తిండి పోసిన ప్లేటు మీద బాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి, వాటిలో బాగా బలిసినవి ఏరి పెంచాను. పొద్దున్నే వచ్చి కావలసినవి ఏరుకోవడం, ప్లేటు పారేయడం, బల్ల తుడిచేయడం. నా బల్ల చూసి అందరికీ కుళ్లు.

మేడమ్ ఫొటో చూసి నవ్వారు. ల్యాబ్‌లో నా సీనియర్ అయితే తారీఖు రాసి పెట్టుకుంది, ఆవిడ నవ్వడం తను చూడటం ఇది రెండోసారట. ఈ ముక్క ఆకారం చూడటానికి ఇంకో ల్యాబ్ వాళ్లు ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నారు. వాళ్లకు కబురు వెళ్లిపోయింది. సెప్టెంబర్‌లో కావలసినంత తయారు చేసి, మంచు పెట్టెలో పెట్టి పంపించాలి.

పిచ్చుక

---

ఇల్లు
ఆగస్టు చివర

నా బంగారు పిచ్చుకా,

స్కూల్లో అందరికీ మిఠాయి పంచాను. రివర్స్ ఆఫీసరు రెండు తీసుకున్నాడు. మీ అన్నయ్య ఫొటో తలకిందులుగా పట్టుకుని "అబ్బో" అన్నాడు. సరిగ్గా పట్టిస్తే మళ్లీ "అబ్బో" అన్నాడు.

మామయ్య సంగతి రాయడానికి చోటు చాలదు. ఫొటో భద్రంగా ఉంది, దాని గురించి నువ్వేం దిగులు పెట్టుకోకు.

ఇక టాపిక్ నీదే కదా? ఆ ఒక్క ముక్కా రాయి, నా కడుపులోంచి ఒక బరువు దిగుతుంది.

వదిన

---

ల్యాబ్
సెప్టెంబర్, రెండో వారం

వదినా,

క్షేమం. పని నడుస్తోంది. కొన్ని చిన్న చిన్నవి మళ్లీ చేయాల్సొస్తోంది.

ఆ ఫొటో ఇంకెవరికైనా చూపించారా?

పిచ్చుక

---

డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు
సెప్టెంబర్, మూడో వారం

పిచ్చుకా,

నేను పక్క సీట్లో కూర్చుని బతుకుతున్నదాన్ని. నేర్చుకునేవాళ్ల ముఖం చూడను, కాళ్లు చూస్తాను. బండి ముందుకు పోవట్లేదంటే క్లచ్ తొక్కి పెట్టారన్నమాట. నీ ఉత్తరం అలా ఉంది. ఏం జరిగింది?

ఫొటో సంగతి అడిగావు కాబట్టి నిజం చెప్పేస్తున్నాను. మామయ్య దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, హాల్లో సరిగ్గా తలుపుకు ఎదురుగా పెట్టారు. వచ్చినవాళ్లు చెప్పులు విప్పుకోకముందే పాఠం మొదలవుతుంది. చేతికర్రతో చూపిస్తారు. "ఇదిగో, ఇది కొలబద్ద. ఇదిగో, ఇది మా అమ్మాయి." గ్యాస్ బండ తెచ్చినాయన పాపం బండ భుజాన పెట్టుకునే మొత్తం విన్నాడు. వెళ్లేటప్పుడు "గీత బాగుందండీ, లావుగా ఉంది" అన్నాడు. అది మామయ్యకు ఎంత నచ్చిందంటే, ఆయనకు కాఫీ ఇమ్మన్నారు.

నీకు సిగ్గనిపిస్తుందని దాచాను. ఇప్పుడు నీ వంతు.

వదిన

---

ల్యాబ్
అదే వారం, బుధవారం

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

ఆ గీత మన ముక్క కాదు.

పోయిన వారం జెల్ పోస్తుంటే చివర ఒక లేన్ మిగిలింది. సీనియర్ దగ్గర ఖాళీ ఉంగరం ఉన్న బాక్టీరియా ఉంది. ఉంగరం మాత్రమే, అందులో మన జన్యువు లేదు. దాన్నీ పగలగొట్టి, అవే పూసల మీద పోసి, ఆ లేన్‌లో నింపాను. ఊరికే, చోటు వృథా ఎందుకని. అందులో ఏమీ రాకూడదు.

వచ్చింది. అదే ఎత్తులో, అంతే లావు గీత.

అంటే అది బాక్టీరియా సొంత ప్రోటీన్. పుట్టుకతోనే నికెల్‌కి అంటుకునే గుణం ఉన్నది దానిలో ఒకటుంది. దాని బరువూ మన ముక్క బరువూ ఇంచుమించు ఒకటే. పుస్తకాల్లో ఉన్న సంగతే. ఖాళీ లేన్ మొదట్లోనే వెయ్యాలని మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. ఆగస్టులో జెల్‌లో లేన్లు చాలక దాన్ని వదిలేశాను. తర్వాత అంత లావు గీత చూశాక ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా.

శుక్రవారం పెట్టె వెళ్లాలి. ఈ సంగతి ఇప్పటికి నాకొక్కదానికే తెలుసు. నోరు మూసుకుని పంపించేస్తే, వాళ్లు కనిపెట్టేసరికి ఏడాది దాటుతుంది, టాపిక్ నా దగ్గరే ఉంటుంది. ఈ మాట నా బుర్రలోకి రాలేదని నీకు రాస్తే అబద్ధమవుతుంది. అప్పట్నుంచీ అదే ఆలోచన. కానీ వాళ్లు ఏడాదిపాటు బాక్టీరియా ప్రోటీన్‌ని పట్టుకుని మనిషిది అనుకుంటూ కుస్తీ పడతారు. అదెలా పంపిస్తాను?

రేపు పొద్దున మేడమ్‌కి చెప్తున్నాను. నీ సలహా అందేలోపే అయిపోతుంది. నన్ను తిట్టాలనుంటే తీరిగ్గా తిట్టు.

పిచ్చుక

---

ల్యాబ్
సెప్టెంబర్ చివర

వదినా,

నీ ఉత్తరం, నాది దారిలో ఎదురుపడి ఉంటాయి. ఫ్రేము సంగతి చదివి పావుగంట నవ్వాను, తర్వాత కాసేపు ఏడ్చాను. సీనియర్ చూసి "ఏదో ఒకటి నిర్ణయించుకో" అంది.

గురువారం జరిగింది ఇది. మేడమ్ గదిలోకి వెళ్లి ఫొటో ముందు పెట్టాను.

"చివరి లేన్ చూడండి మేడమ్."

"ఏమిటిది, రెండో శాంపిలా?"

"కాదు మేడమ్. ఖాళీ ఉంగరం."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. గీత అక్కడే ఉంది.

"శుక్రవారం పెట్టె ఎవరు కడుతున్నారు?"

"నేనే."

"కట్టకు. వాళ్లకు ఉత్తరం కూడా నువ్వే రాయి. జరిగింది జరిగినట్టు రాయి. పైన నా పేరు పెట్టు, ఆ గీత చూసి నేనూ నవ్వాను కదా."

తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. తలుపు దగ్గరికి వచ్చాక, "మేడమ్, గడువు..." అన్నాను.

"క్యాలెండర్‌కి బాక్టీరియా సంగతి తెలీదమ్మా. డిసెంబర్ డిసెంబరే."

అదీ సంగతి. నాన్నకు నువ్వే చెప్పు వదినా. నా వల్ల కాదు.

పిచ్చుక

---

ఇల్లు
అక్టోబర్

పిచ్చుకా,

నిన్ను తిట్టే పని నాకెందుకు? బండి స్తంభానికి గుద్దకముందే బ్రేకు వేసినదాన్ని నేనెప్పుడూ తిట్టలేదు.

మామయ్యకు చెప్పాను. ఎలా మొదలెట్టాలో తెలీక ఫ్రేము తుడుస్తూ నిలబడ్డాను. "ఎంతసేపు తుడుస్తావమ్మా, గీత చెరిగిపోతుంది" అన్నారు. అప్పుడు చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి, దగ్గరికొచ్చి, చాలాసేపు చూశారు.

"అయితే ఇది బాక్టీరియా వాల్వా?"

"వాల్వో కాదో తెలీదు గానీ, దానిదే మామయ్యా."

"మనమ్మాయే కనిపెట్టిందా?"

"తనే కనిపెట్టి, తనే వెళ్లి చెప్పింది."

"పంపుహౌస్‌లో మీటరు తప్పు చూపిస్తోందని నేను రాసిచ్చినప్పుడు నన్ను ఆర్నెల్లు రాత్రి డ్యూటీకి మార్చారు" అన్నారు. "మరి మనమ్మాయిని ఏం చేశారు?"

ఏమీ చెయ్యలేదని చెప్పాను. అప్పుడు స్థిమితపడ్డారు. ఫ్రేము తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. కింద తెల్ల కాగితం అతికించి, "ఇది మా అమ్మాయిది కాదు" అని రాశారు. పాఠం ఇదివరకటి కంటే రెట్టింపు పొడుగైంది. గ్యాసాయన ఇప్పుడు బండ గుమ్మం దగ్గరే దించి పరిగెడుతున్నాడు.

టాపిక్ గడువు సంగతి మాత్రం చెప్పలేదు. డిసెంబర్ దాకా నా కడుపులోనే. త్వరగా కానియ్యి, కడుపుబ్బరంతో చస్తున్నాను.

వదిన

---

ల్యాబ్
నవంబర్

వదినా,

ఒక దొంగ దొరికింది. దొంగని పెంచింది నేనే.

ఆ గీత మనది కాదు, సరే. మరి మన ముక్క ఎందుకు తయారు కాలేదు? నేను ఏరిన బలిసిన చుక్కల్లోంచి ఉంగరాలు బయటికి తీసి, వాటిలోని డీఎన్‌ఏని యంత్రంతో చదివించాను. లోపలికి పంపినప్పుడు జన్యువు సవ్యంగానే ఉంది. ఇప్పుడు చూస్తే ఒకదాంట్లో నడుమ విరిగి ఉంది, ఇంకోదాంట్లో మొదట్లోనే. ఏరిన ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట పాడైంది.

సీనియరూ నేనూ ఆ కాగితాలు బల్ల మీద పరిచి కూర్చున్నాం. మన ముక్క పని డీఎన్‌ఏని పట్టుకోవడం కదా. బాక్టీరియాలోకి పోయినా పట్టు మానదు. అక్కడ బాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది, దాన్ని పట్టుకుంది. దానితో బాక్టీరియా నీరసించిపోతోంది. ఎక్కడైనా ఒకటి పొరపాటున ఆ జన్యువును విరగ్గొట్టుకుంటే, దానికి ఆ బాధ లేదు. హాయిగా తిని బలుస్తుంది. పొద్దున్నే వచ్చి ఏరేవాళ్లం బలిసినదాన్నే ఏరుతాం.

"పైరు పీకేసి కలుపు దాచుకున్నామన్నమాట" అంది సీనియర్.

మరి పైరు ఏమైంది? అది పారేసిన ప్లేట్లలో ఉండి ఉంటుంది. పొద్దున్నే బల్ల తుడిచేస్తానని గొప్పలు పోయాను కదా. ఈసారి ప్లేటు పారేయకుండా ఇంకో రోజు ఉంచాను. లావు చుక్కల సందుల్లో సూది మొనంత చుక్కలు కనిపించాయి. కళ్లు చికిలించి చూస్తే తప్ప తెలీదు. వాటిని విడిగా తీసి గ్లూకోజు పెట్టాను. గ్లూకోజున్నంతసేపూ మన జన్యువు దాదాపు నిద్రపోతుంది. బాక్టీరియాకి తెరిపి. అది కాస్త పుంజుకున్నాక గ్లూకోజు తీసేసి, చల్లగా ఉంచి, నెమ్మదిగా పని మొదలెట్టించాలి.

అవుతుందో లేదో తెలీదు. ఆగస్టులో రాసినట్టు ఇప్పుడు రాయను.

పిచ్చుక

---

డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు
నవంబర్ చివర

పిచ్చుకా,

చల్లగా, నెమ్మదిగా అన్నావు చూడు, అక్కడ నాకు నమ్మకం కుదిరింది. ఫస్ట్ గేరులో వెళ్లేవాణ్ని చూసి రోడ్డు మీద అందరూ హారన్ కొడతారు. కొట్టనీ.

మామయ్యకి నీ ఉత్తరం చదివాను. "నీరసంగా ఉన్నదాన్ని సెలైన్ పెట్టి లేపిందన్నమాట" అన్నారు. ఎదురింటావిడ మళ్లీ ఎక్స్‌రే వెతుక్కుంటోంది.

ఏమైనా సరే, వెంటనే రాయి. బాగున్నా, బాగోలేకపోయినా.

వదిన

---

ల్యాబ్
డిసెంబర్ రెండో వారం

వదినా,

సన్నటి గీత. ఫొటో పెడుతున్నాను, వెలుతురులోకి వెళ్లి చూడు. పక్కనే ఖాళీ ఉంగరం లేన్. ఈసారి పూసలను గట్టిగా కడిగాను కాబట్టి బాక్టీరియా సొంతది చాలావరకు పోయింది, మసక మరక మిగిలింది. మన గీత దానికి ఒక వెంట్రుకవాసి పైన ఉంది. రెండూ వేరు.

ఆగస్టు గీతతో బుద్ధి వచ్చింది కాబట్టి నమ్మలేదు. గీతను కోసి తీసి, ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్క బరువు తూచే యంత్రానికి పంపాం. బుధవారం ఫలితం వచ్చింది. మనిషిదే. మనం అనుకున్న ముక్కే, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

మేడమ్ ఫలితం చదివి, "మరి డీఎన్‌ఏని పట్టుకుంటోందా?" అని అడిగారు. అదీ చూశాం. పట్టుకుంటోంది. "అయితే బాక్టీరియాకి అంత నీరసం వచ్చింది ఇది సరిగ్గా పనిచేస్తున్నందుకే" అన్నారు. ఈసారి నవ్వలేదు. లేచి వెళ్లి, కొత్తమ్మాయికి ఏ టాపిక్ ఇద్దామో ఆలోచించమని సీనియర్‌కి చెప్పారు. నాది నాకే ఉంది వదినా. ఇక నాన్నకి అంతా చెప్పేయి, నీ కడుపు తేలికపడుతుంది.

పెట్టె శుక్రవారం వెళ్లింది. కొంచెమే ఉంది. మన ముక్క ఒక గొట్టంలో, ఖాళీ ఉంగరంది ఇంకో గొట్టంలో పెట్టి పంపాను. వాళ్లే పోల్చి చూసుకుంటారు.

పిచ్చుక

---

ఇల్లు
డిసెంబర్ చివర

పిచ్చుకా,

మామయ్యకు గడువు సంగతి చెప్పాను. నీ మీద కాదు, నా మీద కోపం వచ్చింది ఆయనకి. "ఆర్నెల్లు నా ఇంట్లో ఉండి నాకే చెప్పలేదా?" అని పూటంతా సణుగుతూనే ఉన్నారు. రాత్రి భోజనాల దగ్గర "నువ్వు పంపుహౌస్‌లో పనిచేసుంటే లీకే ఉండేది కాదు" అన్నారు. అది మెచ్చుకోలే అని మీ అన్నయ్య తేల్చి చెప్పాడు.

ఎదురింటావిడ కొత్త ఫొటో చూసి నన్నడిగింది, "ఇంతకీ ఆ ఖాళీది పక్కనెందుకు?" అని. "అదా పిన్నిగారూ, అది ఆడపడుచు. తను ఏ పనీ చెయ్యదు, పక్కన నిలబడి మనం చేసిన పనిలో వంకలు మాత్రం చూపిస్తుంది" అన్నాను. నిన్ను కాదులే. నిన్నే అనుకో.

వదిన

---

ల్యాబ్
జనవరి

ఓ వదినా,

నీ ఉత్తరం సీనియర్‌కి చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. ఇప్పుడు ల్యాబంతా అదే పేరు. ఖాళీ ఉంగరం లేన్‌ని ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు. "ఆడపడుచుని పోశావా?" "ఆడపడుచు సరిగ్గా పరిగెత్తలేదు, మళ్లీ వెయ్యాలి." ఫ్రిజ్‌లో గొట్టం మీద కూడా అదే రాశారు.

కొత్తమ్మాయి చేరింది. ఆమెకి ఇంకో ప్రోటీన్ ఇచ్చారు. నిన్న మీటింగ్‌లో మొదటి జెల్ చూపించింది. లావుపాటి గీత, ఎక్కడ ఉండాలో అక్కడే. మేడమ్ తలెత్తకుండానే అడిగారు:

"ఆడపడుచు ఏదమ్మా?"

పాపం ఆ పిల్ల లేచి నిలబడి, "నాకింకా పెళ్లి కాలేదు మేడమ్" అంది.

నవ్వులు తగ్గాక ఆమెను నా బల్ల దగ్గరికి తీసుకెళ్లి సంగతి చెప్పాను, ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా మొత్తం. మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఖాళీ ఉంగరం పక్కన పెట్టి మళ్లీ జెల్ వేశాం. ఆమె లేన్‌లో గీత ఉంది. పక్క లేన్ శుభ్రంగా ఉంది, ఒక్క మరక లేదు; ఆమెది వేరే తోక, వేరే పూసలు, బాక్టీరియా సొంతది వాటికి అంటుకోదు.

మొదటి ప్రయత్నంలోనే నిజమైన గీత! కాసేపు అసూయపడ్డాను వదినా. తర్వాత పూసలు ఎలా కడగాలో చూపించాను.

పిచ్చుక